కంచె గుట్ట మూసిన రెండు వానలు

మా ముత్తాత మూడు ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. ఆయన తండ్రి సంస్థానం దివాణానికి వెళితే కూర్చోమని పీట వేసేవారట. ఆ చుట్టుపక్కల దివాణంలో నిలబడకుండా మాట్లాడే హోదా మరో ఇంటికి లేదు. మా తాత గుర్రం మీద శిస్తు వసూలుకు వెళ్లేవాడు. ఆ గుర్రాన్ని కట్టేసే ఇనుప కడెం మా వాకిలి గోడకు నా పెళ్లినాటికి కూడా ఉంది. నాయిన కాలానికి గుర్రం లేదు. అయినా ఏటా దసరాకు ఆ కడేనికి నూనె రాయించేవాడు.

భూ పరిమితి చట్టంలో నీళ్లు పారే తరి పొలాలు పోయాయి. ఎనభైలలో ప్రభుత్వం పటేల్ పట్వారీ పదవులను రద్దు చేసినప్పుడు, ఊరి రికార్డులున్న సందుగను నాయిన తానే ఎడ్లబండి మీద తాలూకా కచేరీకి తీసుకెళ్లి అప్పగించాడు. రసీదు తీసుకోలేదు. "మాట మీద మన దగ్గర పెట్టిండ్రు, మాట మీద అప్పజెప్పినం. చిట్టి ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత మాకు మిగిలింది మేముండే సగం కూలిన గడి, ఆముదాలు పండే కొంత చెలక, కంచె గుట్ట. గుట్ట రాళ్లమయం కాబట్టి దానిమీద ఎవరి కన్నూ పడలేదు.

నాకు మేనమామ ఇంట్లో చేసిన పెళ్లి నిలవలేదు. తిరిగి వచ్చి నాయిన దగ్గరే ఉన్నాను. దాని గురించి ఇక్కడ రాయను.

పాలమూరు నుంచి కొత్తకోటకు పోయే పెద్దరోడ్డు దిగి బండిబాటలో లోపలికి వస్తే మా ఊరు. ఊరికి పడమర కంచె గుట్ట. గుట్ట కింద, దిగువ వాడకు దగ్గర్లో, ఇసుకలో తవ్విన చెలిమె. గుట్ట మీద పడ్డ వాన రాళ్ల సందుల్లోంచి దిగి ఆ గుంటలో ఊరేది. దిగువ వాడ ఆడవాళ్లు కొబ్బరి చిప్పలతో తోడుకుని కడవలు నింపుకునేవారు. ఊరంతా ఉప్పునీళ్ల బావులైతే తియ్యటి నీళ్లు అక్కడే దొరికేవి.

గుట్ట మీద మేపుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. వానలు మొదలయ్యే మిరుగం కార్తె వచ్చిన రోజు పొద్దున గొర్రెల కాపరుల పెద్దమనిషి మా అరుగు ముందు తన గొంగడి నాలుగు మడతలు వేసి పరిచి, దానిమీద తన చేతికట్టెను అడ్డంగా పెట్టి నిలబడేవాడు. మా ఇంటి పెద్ద బయటికి వచ్చి "ఏం కావాలె?" అని అడిగేవాడు. "కంచె కావాలె పటేలా" అనేవాడు కాపరి. అప్పుడు మా ఇంటి పెద్ద వంగి, ఆ కట్టెను తన చేత్తో ఎత్తి అతని చేతికి ఇచ్చేవాడు. ఆ ఏడాదికి అంతే అనుమతి. గుట్ట దారిలో నిలువుగా పాతిన రెండు రాతి కడీల మధ్య అడ్డం పెట్టిన ముళ్లకంపను ఆ రోజు తీసేవారు. కట్టెను ఎత్తకుండా పంపిన సంవత్సరం మా ఇంటి చరిత్రలో లేదు. దీన్ని దొరతనం అనేవాళ్లు అనవచ్చు. వంగింది మా ఇంటి పెద్దే అన్న సంగతి నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల నడిమికి వచ్చేసరికి గుట్ట బోడిగా అయింది. పెద్దరోడ్డు మీద హోటళ్లు పెరిగాయి, వాటి పొయ్యిలకు కట్టెలు కావాలి. మందలు పెరిగాయి. మోదుగులు, రేల చెట్లు మొదళ్లదాకా పోయి, మేక నోరు పెట్టని సీతాఫలం పొదలు మాత్రం రాళ్ల మధ్య మిగిలాయి. వరసగా వానలు తప్పాయి. మాఘం దాటకముందే చెలిమెలో తడి ఇసుక తప్ప నీళ్లుండేవి కావు. దిగువ వాడ ఆడవాళ్లు ఎండలో పక్క ఊరి బావికి నడిచేవారు.

మా తమ్ముడు పాలమూరు కాలేజీలో డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి పోకుండా ఇంటికి వచ్చింది అప్పుడే. నా కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. ఊరి పడుచువాళ్లను పోగుచేసి సంఘం పెట్టాడు. కాపరుల పెద్దమనిషి కొడుకు అందులో వాడికి కుడిభుజం. బడి ఆవరణలో ఊరిని పిలిచి మొదటి మీటింగు పెట్టారు. మా ఇంటి ఆడవాళ్లు మీటింగులకు పోరు. కానీ బడి మా పెరటి గోడను ఆనుకునే ఉంది. ఇవతల కందులు ఎండబోస్తూ అంతా విన్నాను.

"గుట్ట మీద చెట్టు లేకపాయె. పడ్డ వాన పడ్డట్టే జారి వాగుల కలుస్తాంది. ఎండ ఏటేటికి ముదురుతాంది" అంటున్నాడు తమ్ముడు. "మూడు వానలు, అంటె మూడేండ్లు, గుట్టను ముట్టకుంట ఇడిసిపెడుదాం. గొడ్డలి వద్దు, మేక వద్దు. వాగుపాయలకు అడ్డంగ రాళ్లు పేర్చుదాం. చెలిమెల నీళ్లు మళ్ల ఎండకాలం దాటుతయి."

"మరి మా మేకలకు నీ డిగ్రీ కాయిదం ఏస్తవా చిన్న పటేలా?" అన్నారెవరో. జనం ఘొల్లుమన్నారు.

"చిన్న పటేల అనకు. అన్న అను."

"అన్న అందామంటె నోరు తిరుగుతలేదు చిన్న పటేలా."

"నాకు తిరుగుతది" అని కాపరి కొడుకు గొంతు వినబడింది. "అన్నా, ముందుగాల మా మందనే దించుత. గడ్డి కోసుకొచ్చి దొడ్లె ఏస్తం. మిగిలినోళ్లు దించుతరా, మూతులు నాకుతరా, గదే చూస్త."

దిగువ వాడ నుంచి వచ్చిన ఒక నడివయసు ఆడమనిషి లేచింది. "మీరు తెరిచినా మూసినా కడవ మోసేది మేమే. జర మూసి చూడుండ్రి. కాపల మేం గూడ ఉంటం. మా మొగోళ్లు గొడ్డలి వట్టుకొని పోతె మేమే గుంజుకుంటం. మాకు అలవాటే."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఊరు ఒప్పుకుంది. చివర్లో తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "గడి ముంగట గొంగడి పరుచుడు గూడ బంద్. ఇది అందరు కూసొని చేసుకున్న తీర్మానం. ఒకని అనుమతి ఎందుకు?"

కాపరి కొడుకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

గోడకు ఇవతల నాయిన వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. తమలపాకు నములుతున్నవాడు నమలడం ఆపాడు. గుట్ట పట్టా ఆయన పేరు మీద ఉంది. ఆ రాత్రి అన్నం దగ్గర తమ్ముడు "గుట్ట మూద్దమనుకుంటున్నం నాయినా" అన్నాడు. "విన్న" అన్నాడు నాయిన. అవునని కానీ కాదని కానీ అనలేదు. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని తమ్ముడు అనుకున్నాడు.

ఆ ఏడు మిరుగం రోజు తెల్లవారుతుండగా పెరటి తలుపు చప్పుడైతే తీశాను. కాపరుల పెద్దమనిషి. ఎప్పుడూ ముందు వాకిట్లో నిలబడే మనిషి దొడ్డిదారిన వచ్చాడు.

"పటేల లేచిండా బిడ్డా?"

"లేచిండు. గిట్ల ఎనకనుంచి వచ్చినవేంది తాతా?"

"సంగపోల్లు చూస్తరు. నా కొడుకే ముందు నవ్వుతడు. నువ్వు గూడ చెప్పకు." చెప్పనన్నాను.

పెరట్లోనే గొంగడి పరిచి, కట్టె పెట్టి నిలబడ్డాడు. నాయిన వచ్చాడు. అప్పటికే తలకు రుమాలు చుట్టుకుని ఉన్నాడు. ఎవరైనా వస్తారేమోనని తెల్లారకముందే తయారై కూర్చున్నాడని అప్పుడు తెలిసింది.

"ఏం కావాలె?"

"కంచె మూసిపెట్టాలె పటేలా. మూడు వానలు."

నాయిన నవ్వాడు. ఆయన నవ్వడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. "మేపుకుంట అని అడిగెటోళ్లనే చూసిన. మేపను అని అడుగుడు గిదే మొదలు. నీ మంద ఏం తింటది?"

"మా పోరడు గడ్డి కోస్తడట. వాని నడుము ఇరిగినంక మల్ల నీకాడికే వస్త."

నాయిన వంగి కట్టె ఎత్తి ఇచ్చాడు. "మూసుకోండ్రి. కని మిరుగం మిరుగానికి వచ్చి అడుగాలె. గొడ్డలి పట్టినోన్ని నా దగ్గరికి తోలుండ్రి."

గుట్ట ఆ రోజు మూతపడింది. సంఘం తీర్మానంతో మూతపడిందని ఊరు అనుకుంది. అదీ నిజమే.

ఆ తర్వాతి రెండేళ్లు మా ఊరికి మంచి రోజులు. ఇంటికొకరు చొప్పున పొద్దున పోయి వాగుపాయలకు అడ్డంగా రాళ్లు పేర్చారు. దూదేకుల వాళ్ల అబ్బాయి పాట ఎత్తుకుంటే ఆడవాళ్లు అందుకునేవారు. ఆ పాట గడి మిద్దె మీదికి వినబడేది. రాళ్ల వెనక మట్టి ఆగింది, మట్టిలో గడ్డి లేచింది. నరికిన మోదుగు మోడులు చిగురు వేశాయి. మేక తోలినవాడికి జరిమానా ఏమీ లేదు. వాడి ఇంటి ముందుకు అందరూ పోయి కూర్చునేవారు, ఆ ఇంటి ఆడవాళ్లు సిగ్గుపడి మేకను వాళ్లే కట్టేసేవారు. మొదటి ఎండాకాలం చెలిమెలో ఉగాది దాకా నీళ్లున్నాయి. రెండో ఎండాకాలం చెలిమె ఎండనేలేదు. దిగువ వాడ ఆడమనిషి ఒక కడవ నీళ్లు మా ఇంటికి తెచ్చి ఇచ్చి, "తాగి చూడు దొరసానీ, చక్కెర కలిపినట్టున్నయి. మీ తమ్మునికి దిష్టి తియ్యి" అంది.

రెండో ఏడు కార్తీకంలో ఒక సాయంత్రం నాయిన ఎవరికీ చెప్పకుండా గుట్ట ఎక్కి వచ్చాడు. కండువా కొంగులో రెండు సీతాఫలాలు. ఒకటి నాకిచ్చాడు. "తిను. మన గుట్ట పండు" అన్నాడు. రెండోది తమ్ముడి పళ్లెం పక్కన పెట్టి లోపలికి పోయాడు. తమ్ముడు దాన్ని తిని గింజలు కాగితంలో మూటగట్టుకుని మర్నాడు గుట్టకు తీసుకెళ్లాడు. ఆ రెండేళ్లలో వాళ్లిద్దరి మధ్య జరిగిన మాట అదొక్కటే, అది కూడా మాట కాదు.

రెండో మిరుగానికి కూడా పెద్దమనిషి దొడ్డిదారిన వచ్చి పోయాడు. ఆ చలికాలంలో ఉబ్బసపు దమ్ము ఎక్కువై పాలమూరు దవాఖానలో చనిపోయాడు. నాయిన పాడె వెంట ఊరి చివరిదాకా నడిచాడు. కొడుకు తండ్రి కట్టెను చితి మీద పెట్టాడు.

మూడో మిరుగం దగ్గరికి వచ్చింది. ఇదొక్క వాన దాటితే చెట్ల వేళ్లు నిలదొక్కుకుంటాయని, ఆ తర్వాత గుట్టను వంతులవారీగా తెరవవచ్చని సంఘం వాళ్లు అనుకుంటున్నారు. ఈసారి దొడ్డిదారిన వచ్చి అడిగే మనిషి లేడు. చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట పక్కన పెట్టి తమ్ముడిని వంటింట్లోకి పిలిచి అంతా చెప్పాను.

"రెండేండ్లు దొంగచాటుగ వచ్చి పరిచిండా?"

"దొంగచాటుగ కాదు. మర్యాదగ."

"అక్కా, ఊరు ఊరంత కూసొని అనుకున్న మాట. దాన్ని తీసుకపోయి ఒక కట్టె మీద నిలబెట్టుమంటవా?"

"నిలబడ్డది దాని మీదనే గదరా."

వాడు లేచి కాపరి కొడుకు దగ్గరికి పోయాడు. తర్వాత నాకు చెప్పింది ఇది. ఆ పిల్లవాడు ముందు నమ్మలేదట. నమ్మాక కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఆ తర్వాత, "మా అయ్య పరిచిండు. నేను పరువ. నన్ను గొంగడి పరువద్దన్నది నువ్వే గదనే అన్నా. ఇప్పుడు పరువుమంటవా?" అన్నాడట. ఆ మాట నేర్పింది తమ్ముడే.

మిరుగం రోజు నాయిన స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని, రుమాలు చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి పెరట్లో కాదు, ముందు అరుగు మీద. పొద్దెక్కింది. చాయ ఇచ్చాను, తాగలేదు. మనుషులు వాకిలి ముందు నుంచి నాగళ్లు పట్టుకుని చెలకలకు పోయారు. కాపరి కొడుకు కూడా పోయాడు. నాయిన వైపు చూసి, చూపు తిప్పుకుని పోయాడు. ఎండ అరుగు మీదికి వచ్చింది. నేను లోపలి తలుపు వెనక నిలబడి ఉన్నాను. "లోపలికి రా నాయినా" అనాలని ఉంది. అలా అంటే ఆయన ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసని ఆయనకు తెలిసిపోతుంది. అనలేదు.

మధ్యాహ్నం ఆయనే లేచి రుమాలు విప్పి చిలక్కొయ్యకు వేశాడు.

ఆ వారంలోనే కొత్తకోట వైపు నుంచి బొగ్గు బట్టీల గుత్తేదారు వచ్చాడు. గుట్ట మీది కట్టెకు బేరమాడటానికి అంతకు ముందు కూడా వచ్చేవాడు. నాయిన వాడిని ఎప్పుడూ అరుగు ఎక్కనివ్వలేదు. ఈసారి కూర్చోమన్నాడు. మాకు డబ్బు అవసరం పడిందని ఊరు తర్వాత చెప్పుకుంది. గడి పైకప్పు కారుతున్న మాట నిజం. అది పదేళ్లుగా కారుతోంది. ఆ పదేళ్లలో గుట్ట మీది ఒక్క మోడును కూడా నాయిన అమ్మలేదు.

గుత్తేదారు వచ్చిపోయాడని తెలిసి మర్నాడు పొద్దున తమ్ముడు ఎక్కడినుంచో ఒక గొంగడి తెచ్చాడు. ముందు వాకిట్లో, ఊరు చూస్తుండగా, నాలుగు మడతలు వేసి పరిచాడు. దానిమీద కట్టె పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఇంటి పిల్లవాడు మా అరుగు ముందు అలా నిలబడటం చూసి నేను తలుపు చాటుకు జరిగాను.

నాయిన బయటికి వచ్చాడు. ఏం కావాలె అని అడగలేదు.

"జరుగు అక్కడినుంచి" అన్నాడు.

"కంచె మూసిపెట్టాలె పటేలా. ఒక్క వాన" అన్నాడు తమ్ముడు. ఎగతాళి కాదు. కానీ ఎగతాళిలాగే వినబడింది.

"నువ్వు నా కొడుకువు. నీకు నేను ఇచ్చేది వేరే, వాళ్లకు ఇచ్చేది వేరే. గీ జాగల నిలవడెటోనికి మంద ఉండాలె. నీకు మంద ఉన్నదా?"

"ఊరు ఉన్నది నాయినా."

"ఊరు ఉంటె ఊరు రావాలె. నిన్నెందుకు తోలింది?"

తమ్ముడు చాలాసేపు నిలబడే ఉన్నాడు. కట్టె గొంగడి మీదే ఉంది. నాయిన లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాడు. గొంగడి, కట్టె సాయంత్రం దాకా అక్కడే ఉంటే నేను తీసి లోపల పెట్టాను.

గొడ్డళ్లతో కూలీలు వచ్చిన రోజు సంఘం వాళ్లు రాతి కడీల మధ్య అడ్డంగా కూర్చున్నారు. దిగువ వాడ ఆడవాళ్లు కడవలతో సహా కూర్చున్నారు. నాయిన చేతికట్టె పట్టుకుని ఒక్కడే అక్కడికి నడిచి వెళ్లాడు. నాకు మనసు ఆగలేదు. తలమీద కొంగు కప్పుకుని వెనకాలే వెళ్లాను. ఆ దారిలో నేను నడవడం అదే మొదటిసారి.

అందరికంటే ముందు కాపరి కొడుకు కూర్చుని ఉన్నాడు. నాయిన అతని ముందు ఆగి, "మీ అయ్య ఉంటె గిట్ల అడ్డం కూసుంటుండెనా?" అన్నాడు.

"మా అయ్య ఉంటె ఒంగుతుండె. అయ్య పోయిండు పటేలా."

"ఒంగింది నేను. కట్టె ఎత్తింది నేను. నీకు చెప్పలేదా మీ అయ్య?"

ఆ పిల్లవాడు నాయిన ముఖంలోకి చూశాడు. ఆ ఒక్క క్షణంలో వాడు తన చేతికట్టె కింద పెట్టినా, నాయిన ఏం కావాలె అని అడిగినా గుట్ట నిలిచేదని నా నమ్మకం. ఇద్దరూ ఆ పని చేయలేదు. వాడు లేచి, కింద పరుచుకున్న గొంగడిని దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ గుట్ట. కొట్టుకో. మేం నిన్ను అడగం" అని పక్కకు జరిగాడు. వాడు లేచాక కాపరులంతా లేచారు. ఆడవాళ్లు కాసేపు కూర్చుని, పొద్దెక్కాక వాళ్లూ కడవలు ఎత్తుకున్నారు. చివరికి తమ్ముడు ఒక్కడే మిగిలాడు. కూలీలు వాడి పక్కనుంచి దాటుకుని పైకి పోయారు.

బట్టీలు చాలా రోజులు కాలాయి. మట్టి కప్పి కాల్చే బట్టీల పొగ పైకి లేవదు, నేల మీదే పారుతుంది. అది దిగువ వాడ దాటి మా అరుగు దాకా వచ్చేది. నాయిన ఆ పొగలోనే కూర్చునేవాడు. దగ్గు వస్తే లోపలికి రమ్మన్నాను. "ఒక్కడు వచ్చి అడిగినా అయిపోతుండె" అన్నాడు. అంతకు మించి ఆ విషయం ఆయన నాతో ఎత్తలేదు. ఆ వానకు రాళ్ల అడ్డుకట్టలు కొట్టుకుపోయాయి. పైన పట్టి ఉంచే వేరు లేదు. వచ్చిన మట్టి, ఇసుక కలిసి చెలిమెను పూడ్చేశాయి. దిగువ వాడ ఆడవాళ్లు రెండుసార్లు తవ్వారు. తడి తగల్లేదు.

తమ్ముడు అమ్రాబాద్ అడవి వైపు వెళ్లిపోయాడు. అక్కడి పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, పిల్లలకు చదువు చెబుతూ, వాళ్లతో కలిసి అడవికి నిప్పు అంటకుండా చూసుకుంటూ ఉండిపోయాడు. నాయిన పోయినప్పుడు వచ్చి తలకొరివి పెట్టాడు. పదకొండు రోజులూ పడుకోవడానికి మాత్రం కాపరుల ఇంటికి పోయాడు. వెళ్లేటప్పుడు గుట్టలో, ఇంట్లో తన భాగం నాకు రాసిచ్చాడు.

"నువ్వన్న ఉంచు అక్కా" అన్నాడు.

"చూద్దం" అన్నాను. వాడికి ఇవ్వగలిగినంత మాటే ఇచ్చాను.

కాపరి కొడుకు మందను అమ్మేసి బొంబాయికి మట్టిపనికి పోయాడు. దిగువ వాడలో బోరు వేశారు. ఆ నీళ్లు చప్పగా, సున్నంలాగా ఉంటాయి. నాకు కడవ తెచ్చిచ్చిన ఆడమనిషి ఎప్పుడైనా వాకిలి ముందు నుంచి పోతూ ఆగి, "యాదికున్నదా దొరసానీ, ఆ యాడాది నీళ్లు?" అంటుంది. ఉందంటాను. ఇద్దరం కాసేపు నిలబడతాం.

తొంభైల చివర్లో కంచె గుట్టను కంకర మిషన్ వాళ్లకు అమ్మాను. దారిలోని రెండు రాతి కడీలు, కింద చెలిమె ఉన్న జాగా ఆ పట్టాలోవే. అవి కూడా పోయాయి.